షుగర్ సందేహాలు: మాత్రతో పాటు పాఠం కూడా

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచే. పేర్లు తీసేసి ఊళ్లు మాత్రం ఉంచాం. జవాబులు రాసింది ఒక మధుమేహ వైద్యుడు, షుగర్ ఉన్నవాళ్లకి జాగ్రత్తలు నేర్పే ఒక నర్సు. మోతాదు మార్చే ముందు మీ డాక్టరుతో ఒక మాట చెప్పడం మరవకండి.

ప్రశ్న: నేను విలేజ్ క్లినిక్‌లో ఏఎన్‌ఎంని. అమెరికాలో హిస్పానిక్ జనానికి ఒక నర్సు పాఠాలు చెప్పించి షుగర్ తగ్గించారని శిక్షణలో విన్నాను. అసలు ఏం చేశారు? మా దగ్గర అది నడుస్తుందా?
- రణస్థలం

జవాబు: ఆమె పేరు షారన్ బ్రౌన్. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ నర్సింగ్ స్కూల్లో ప్రొఫెసర్‌గా ఈ పరిశోధన నడిపారు. జరిగిన చోటు స్టార్ కౌంటీ, మన జిల్లా లాంటిది. టెక్సస్ దక్షిణపు కొసన రియో గ్రాండే ఒడ్డున ఉంటుంది, నది దాటితే మెక్సికో. అక్కడ ఇంచుమించు అందరివీ మెక్సికన్ మూలాలే, ఇంట్లో మాట్లాడేది స్పానిష్. టెక్సస్‌లో బాగా పేద కౌంటీల్లో అదొకటి. క్రెయిగ్ హానిస్ అనే జన్యు శాస్త్రవేత్త బృందం 1980ల నుంచే అక్కడి కుటుంబాల్లో షుగర్ ఎలా వస్తోందో చూస్తూ ఉంది. ఇప్పటికే జబ్బు పడ్డవాళ్లకి ఏం చెయ్యాలన్నది బ్రౌన్ పట్టుకున్న ప్రశ్న.

హిస్పానిక్ అనగానే అందరినీ ఒకే గాట కట్టకూడదు. 2008 నుంచి 2011 మధ్య బ్రాంక్స్, షికాగో, మయామీ, శాన్ డియేగోల్లో 16 వేల మందికి పైగా పరీక్షలు చేస్తే, దక్షిణ అమెరికా దేశాల మూలాలున్నవాళ్లలో షుగర్ 10.2 శాతం, మెక్సికన్ మూలాలవాళ్లలో 18.3 శాతం తేలింది. వాళ్లలో వాళ్లకే అంత తేడా ఉన్నప్పుడు, స్టార్ కౌంటీ ఫలితం రణస్థలంలో అలాగే వస్తుందని మేం చెప్పం. పద్ధతిని మాత్రం నిరభ్యంతరంగా తెచ్చుకోవచ్చు.

35 నుంచి 70 ఏళ్ల మధ్య ఉన్న 256 మందిని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి పాఠాలు వెంటనే మొదలయ్యాయి, రెండో గుంపు ఏడాది ఆగింది. ఏడాదిలో మొత్తం 52 గంటలు. మొదటి మూడు నెలలు వారం వారం తరగతి: తిండి, వేలి రక్తంతో షుగర్ చూసుకోవడం, వ్యాయామం. ఆ తర్వాత కలిసి కూర్చుని ఎవరి ఇబ్బంది వాళ్లు చెప్పుకునే సమావేశాలు. చెప్పినవాళ్లు స్పానిష్ వచ్చిన మెక్సికన్ అమెరికన్ నర్సులు, పోషకాహార నిపుణులు, ఆ ఊరి కార్యకర్తలు. వాళ్లు తినే వంటలనే తీసుకుని ఎంత తినాలి, కొవ్వు ఎలా తగ్గించాలి అన్నది నేర్పారు. ప్రతి రోగీ ఇంటి మనిషినో స్నేహితుణ్నో వెంటబెట్టుకుని రావాలి. మా దృష్టిలో మొత్తం పథకంలో ముఖ్యమైన ముక్క ఇదే.

2002లో అచ్చయిన ఫలితం ప్రకారం, ఆరు నెలలకి పాఠాలు విన్నవాళ్ల హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష), విననివాళ్ల కంటే 1.4 పాయింట్లు తక్కువ. మెట్‌ఫార్మిన్ మాత్ర మామూలుగా తగ్గించేది కూడా 1 నుంచి 1.5 పాయింట్లే. ఇక్కడిదాకా అందరూ చెబుతారు. అదే పత్రంలో ఇంకో సంగతి ఉంది: అంత తగ్గాక కూడా వాళ్ల సగటు 10కి పైనే ఉంది. చాలామందికి పెట్టుకునే లక్ష్యం 7 లోపు. కాబట్టి పాఠం ఉంటే మాత్ర అక్కర్లేదని మీ రోగులకి పొరపాటున కూడా చెప్పకండి. తరగతిలో రాసుకున్న షుగర్ అంకెలు డాక్టరు బల్ల మీదకి చేరి, అవసరమైన చోట మందు పెరిగితేనే 10 కాస్తా 7 వైపు నడుస్తుంది.

2005లో వచ్చిన పత్రంలో పొట్టి కోర్సుకీ పొడుగు కోర్సుకీ పోటీ పెట్టారు. పొట్టిది 16 గంటల పాఠం, 6 గంటల సమావేశాలు. పొడుగుది 24 గంటల పాఠం, 28 గంటల సమావేశాలు. సగం తరగతులకైనా వచ్చినవాళ్లని చూస్తే, ఏడాది తిరిగేసరికి హెచ్‌బీఏ1సీ పొట్టి కోర్సులో 0.6, పొడుగు కోర్సులో 1.7 పాయింట్లు తగ్గింది. ఒక్కపూట క్యాంపు పెట్టి, కరపత్రాలు పంచి, ఫొటో దిగితే సరిపోదా అని అడిగే అధికారులకి ఈ రెండంకెలూ చూపించండి.

ఇక మీ ఊళ్లో. పది మంది రోగులు, పది మంది వాళ్లింట్లో వంట చేసేవాళ్లు: అంతకు మించితే తరగతి కాస్తా సభ అయిపోతుంది. బడి వరండా, రామాలయం, చర్చి, ఏదైనా ఫర్వాలేదు, నడిచి వచ్చేంత దూరంలో ఉండాలి. పనుల నుంచి వచ్చాక సాయంత్రం గంటన్నర చాలు. ఉభాలప్పుడు, కోతలప్పుడు జనం రారు. ఆ వారాలు ముందే తీసేసి పట్టిక వెయ్యండి, లేకపోతే నాలుగో తరగతికే సగం మంది జారిపోతారు, వాళ్లని మళ్లీ పిలవడం కష్టం. హైదరాబాద్, చెన్నై పనులకి వలస పోయేవాళ్లుంటే మందు పేరు, మోతాదు, ఆఖరి పరీక్ష అంకెలు రాసిన కార్డు ఒకటి చేతికివ్వండి. వెళ్లిన చోట మాత్ర మారిపోవడం, లేదా రెండు చోట్ల రాసిన ఒకే మందు రెండు పేర్లతో వేసుకోవడం మామూలు ప్రమాదాలు.

మొదటి తరగతిలో మీటరు ప్రతి ఒక్కరి చేతా చేయించండి, మీరు చేసి చూపించి ఊరుకోవద్దు. సబ్బుతో చెయ్యి కడిగి బాగా ఆరబెట్టాలి. బెల్లం, మామిడిపండు ముట్టిన వేలితో చూస్తే 150 ఉన్న మనిషికి 300 కూడా చూపిస్తుంది. వేలి కొస మధ్యలో కాకుండా పక్కన గుచ్చాలి, నొప్పి తక్కువ. రక్తం రాకపోతే చెయ్యి కిందికి వేలాడేసి ఆడించాలి, వేలు గట్టిగా పిండకూడదు. స్ట్రిప్పు తీసిన వెంటనే డబ్బా మూత బిగించాలి. సముద్రం దగ్గరి ఊళ్ల గాలి తేమకి మూత తీసి ఉంచిన స్ట్రిప్పులు పాడై, ఇష్టం వచ్చిన అంకెలు చూపిస్తాయి.

స్ట్రిప్పులు ఖరీదు కాబట్టి రోజూ పొద్దున్నే ఒకటి వృథా చేసే బదులు జంటగా వాడటం నేర్పండి. వారానికి ఒక పూట ఎంచుకుని, తినే ముందు ఒకటి, మొదటి ముద్ద దగ్గర నుంచి రెండు గంటలకి ఇంకొకటి. తినే ముందు 140, తర్వాత 260 వచ్చిందంటే ఆ కంచంలో అన్నం ఎక్కువైందని మీరు చెప్పక్కర్లేదు, వండిన మనిషికే తెలిసిపోతుంది.

అన్నం తూచి చూపించండి. 50 గ్రాముల బియ్యం వండితే సుమారు 150 గ్రాముల అన్నం, అందులో 40 గ్రాముల దాకా పిండిపదార్థం. కూలి పని చేసే మనిషి పూటకి దానికి మూడింతలు తినడం మామూలే. అలాగని రేపటి నుంచి మూడో వంతే తినమనడం ప్రమాదం. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ మాత్రలు వేసుకునేవాళ్లు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఒక్కసారిగా అన్నం తగ్గిస్తే పొలంలోనే షుగర్ పడిపోతుంది. రెండు మూడు వారాల్లో మెల్లగా తగ్గించి, ఖాళీ అయిన చోట పప్పు, కూర, గుడ్డు, చేప పెట్టాలి. డాక్టరుకి ముందే చెప్పాలి.

షుగర్ పడిపోతే ఏం చెయ్యాలో రెండో తరగతిలోనే చెప్పండి, చివరిదాకా ఆగొద్దు. చెమట, వణుకు, దడ, తిక్కతిక్కగా మాట్లాడటం ఉంటే, లేదా మీటరులో 70 లోపు ఉంటే, మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి. 15 నిమిషాలాగి మళ్లీ చూడాలి. ఇంకా 70 దాటకపోతే మళ్లీ అంతే ఇవ్వాలి. దాటాక ఏదైనా తినిపించాలి. జీడిపప్పు పాకం, చాక్లెట్ ఈ సమయానికి పనికిరావు, వాటిలోని కొవ్వు చక్కెర రక్తంలోకి చేరడాన్ని ఆలస్యం చేస్తుంది. స్పృహ లేని మనిషి నోట్లో ఏదీ పొయ్యకూడదు, 108కి ఫోన్ చెయ్యాలి.

ప్రశ్న: మా అమ్మకి షుగర్. పొద్దున్న రెండు చెంబుల చోడి అంబలి తాగుతాది. చోడికి షుగర్ పెరగదంటాది. మీటర్లో మాత్రం 280 వస్తోంది. ఏటి చెయ్యాలి?
- చీపురుపల్లి

జవాబు: మీటరు చెప్పిందే నిజం. 100 గ్రాముల చోడి (రాగి) పిండిలో 67 గ్రాముల పిండిపదార్థం, 11 గ్రాముల పీచు ఉంటాయి. అంతే బియ్యంలో పిండిపదార్థం 78, పీచు 3 గ్రాముల లోపు. కాల్షియం విషయంలో చోడికి సాటి వచ్చే ధాన్యం లేదు. అంతమాత్రాన అది చక్కెర లేని తిండి అయిపోదు. పైగా మెత్తగా ఆడించిన పిండిని బాగా ఉడికించి పల్చగా తాగితే నమిలే పని లేదు, కడుపులో ఎక్కువసేపు ఆగదు. రెండు చెంబుల్లో 100 గ్రాముల పిండి, దానికి తోడు నూకలు గానీ రాత్రి అన్నం గానీ కలిపితే నిండు కంచం అన్నం తిన్నట్టే.

అమ్మగారిని అంబలి మానమనకండి, మానరు కూడా. పిండి 35 గ్రాములకి తగ్గించండి, అంటే సుమారుగా మూడు నాలుగు టేబుల్ స్పూన్లు. అన్నం, నూక కలపొద్దు. ఉప్పు తక్కువ వేసి, పల్చటి మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలతో ఒక గ్లాసు. ఆకలి తీరకపోతే పక్కన ఉడికించిన గుడ్డో గుప్పెడు సెనగలో. రెండు గంటలకి మీటరు పెట్టి చూడండి. మునగాకు వేసిన చోడి రొట్టె అయితే నమలాలి కాబట్టి అంబలి కంటే నయం.

ప్రశ్న: కాకరకాయ రసం తాగితే మాత్రలు మానొచ్చా?
- బొబ్బిలి

జవాబు: మానకూడదు. కూరగా తినండి. మాత్రలతో పాటు రోజూ గ్లాసుడు రసం తాగితే కొందరికి షుగర్ మరీ పడిపోవచ్చు కూడా.

ప్రశ్న: మా అత్తగారి ఇన్సులిన్ బుడ్డి మీద 40 అని ఉంది. మెడికల్ షాపులో నారింజ మూత సిరంజి ఇచ్చారు. డాక్టరుగారు 20 యూనిట్లు అన్నారని 20 గీత దాకా తీస్తున్నాం. నెలైనా షుగర్ తగ్గలేదు.
- గజపతినగరం

జవాబు: తగ్గకపోవడానికి కారణం చాలావరకు సిరంజే. ఎర్ర మూత సిరంజి, మిల్లీలీటరులో 40 యూనిట్లుండే బుడ్డికి. నారింజ మూత సిరంజి, 100 యూనిట్లుండే మందుకి. నారింజ సిరంజిలో 20 గీత అంటే 0.2 మిల్లీలీటర్లు. మీ బుడ్డి నుంచి అంత తీస్తే లోపలికి వెళ్లేది 8 యూనిట్లు మాత్రమే.

ఇప్పుడు తొందరపడి సిరంజి మార్చి ఊరుకోకండి. షుగర్ తగ్గట్లేదని ఈ నెలలో డాక్టరు మోతాదు పెంచి ఉంటే, పెంచిన అంకెను సరైన సిరంజితో ఎక్కిస్తే ఇప్పటిదాకా వెళ్తున్నదానికి రెండున్నర రెట్లు ఒక్కసారిగా వెళ్తుంది. బుడ్డి, సిరంజి రెండూ పట్టుకెళ్లి చూపించి కొత్త మోతాదు రాయించుకోండి. దీనికి తిరగేసిన పొరపాటు ఇంకా చెడ్డది: 100 యూనిట్ల మందుని ఎర్ర సిరంజిలో 20 గీత దాకా తీస్తే 50 యూనిట్లు వెళ్తాయి. ప్రాణం మీదకొస్తుంది.

తెల్లగా మబ్బులా ఉండే ఇన్సులిన్‌ని గట్టిగా కుదపకుండా అరచేతుల మధ్య పదిసార్లు దొర్లించి, పదిసార్లు తలకిందులు చేసి తీయాలి. వాడుతున్న బుడ్డి మామూలుగా 28 రోజులే, మీ రకానికి ఎంతో పెట్టెలోని కాగితంలో ఉంటుంది. మొదలుపెట్టిన తేదీ దాని మీద రాయండి. ఫ్రిజ్ లేకపోతే కొత్త మట్టికుండ తడి ఇసుకలో పెట్టి, బుడ్డిని ప్లాస్టిక్ సంచిలో చుట్టి కుండలో ఉంచి, పైన తడిగుడ్డ కప్పండి. ఫ్రిజ్ ఉంటే తలుపు అరలోనే పెట్టాలి. ఐస్ కట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు.

ప్రశ్న: మా నాన్నగారికి పన్నెండేళ్లుగా షుగర్. ఈమధ్య దానంతటదే తగ్గిపోయింది. హెచ్‌బీఏ1సీ 5.8. రెండుసార్లు తెల్లవారుజామున చెమటలు పట్టి పడిపోయారు. జబ్బు నయమైందంటున్నారు ఇంట్లో. నాకు భయంగా ఉంది.
- కవిటి

జవాబు: మీ భయమే సరైనది. పన్నెండేళ్ల షుగర్ తిండీ బరువూ మారకుండా దానంతటదే తగ్గితే మొదట అనుమానించాల్సింది కిడ్నీలని. ఇన్సులిన్‌ని, కొన్ని షుగర్ మాత్రల్ని ఒంట్లోంచి తీసేసే పనిలో కిడ్నీలది పెద్ద వాటా. అవి మందగిస్తే నిన్నటి మోతాదే ఇవాళ ఎక్కువవుతుంది. ముఖ్యంగా గ్లిబెన్‌క్లమైడ్ ఒంట్లో పేరుకుపోయి, ఒకసారి పంచదార ఇచ్చి లేపాక కూడా గంటల తర్వాత మళ్లీ పడేస్తుంది. అలా పడిపోయినవాళ్లని ఇంట్లో ఉంచకూడదు, ఆసుపత్రిలో ఒకరోజు కనిపెట్టి చూడాలి.

మీది కవిటి కాబట్టి ఇంకో మెలిక ఉంది. షుగర్ వల్ల చెడే కిడ్నీ సాధారణంగా మొదట మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ వదులుతుంది, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడపోసి పంపాల్సిన వ్యర్థం) తర్వాత పెరుగుతుంది. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు ఉద్దానంలో కనిపించే కిడ్నీ జబ్బులో మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోకుండానే క్రియాటినిన్ పెరిగిపోతుంది. దాని అసలు కారణం ఇంకా తేలలేదు. అందుకే మూత్రం పరీక్ష బాగుందని మీరు నిశ్చింతగా ఉండటానికి లేదు. రెండూ చేయించాలి: రక్తంలో క్రియాటినిన్, దాన్నుంచి లెక్కగట్టే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు ఎంత బాగా వడపోస్తున్నాయో చెప్పే అంకె), మూత్రంలో ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి. ఇవి ఏడాదికోసారి షుగర్ ఉన్న అందరికీ కావాలి, మీ ప్రాంతంలో ఆరు నెలలకోసారి చూసుకున్నా ఎక్కువ కాదు.

ఈజీఎఫ్ఆర్ 30 లోపుకి వస్తే మెట్‌ఫార్మిన్ ఆపేయాలి. 30-45 మధ్య ఉంటే కొత్తగా మొదలుపెట్టరు, వాడుతున్నవాళ్లకి సాధారణంగా రోజుకి 1000 మిల్లీగ్రాములు మించనివ్వరు. ఒళ్లునొప్పులకి షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ పూర్తిగా మానాలి. ఉద్దానంలో ఇంటింటా దొరికే కొబ్బరినీళ్లు ఆరోగ్యమని తాగిస్తారు. కిడ్నీ బాగా మందగించినవాళ్లకి అందులోని పొటాషియం గుండె లయని చెడగొట్టవచ్చు. రిపోర్టు వచ్చేదాకా ఆపండి. పలాసలో 2023 డిసెంబరులో మొదలైన కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మీకు దగ్గరే.

ఇక ఆ 5.8. హెచ్‌బీఏ1సీ అనేది ఎర్ర రక్తకణం బతికినంత కాలం దానికి అంటుకున్న చక్కెర లెక్క. కిడ్నీ జబ్బులో కణాలు త్వరగా రాలిపోతాయి, రక్తం పట్టడానికి ఎరిత్రోపోయెటిన్ ఇంజెక్షన్లు తీసుకునేవాళ్లలో కొత్త కణాలు ఎక్కువ ఉంటాయి. రెండు సందర్భాల్లోనూ అంకె ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. రక్తం ఎక్కించుకున్న కొత్తలోనూ ఆ అంకెని నమ్మలేం. ఐరన్ లోపం ఉన్నవాళ్లకి తిరగేసి, లేని షుగర్ ఉన్నట్టు పైకి చూపిస్తుంది. మెళియాపుట్టి నుంచి రాసిన పాఠకుడికీ ఇదే జవాబు: మీటరులో 220, హెచ్‌బీఏ1సీ 5.4 వచ్చిందన్నారు. గిరిజన గ్రామాల్లో సికిల్ సెల్ (ఎర్ర కణాలు కొడవలిలా వంగి త్వరగా రాలిపోయే వంశపారంపర్య జబ్బు) పరీక్ష చేస్తున్నారు, ముందు అది చేయించుకోండి. సికిల్ సెల్ ఉంటే హెచ్‌బీఏ1సీని పక్కనపెట్టి పరగడుపున, తిన్న రెండు గంటలకి చేసే పరీక్షలతోనే వైద్యం నడపాలి.

ప్రశ్న: మా ఆయన చేపల వేటకెళ్తారు. షుగర్ ఉంది. వట్టికాళ్లతో ఇసుకలో నడిచి అరికాలు బొబ్బెక్కింది, నొప్పి లేదంటున్నారు. పసుపు, కొబ్బరినూనె రాస్తున్నాం.
- కళింగపట్నం

జవాబు: నొప్పి లేకపోవడమే ఇక్కడ చెడు కబురు. స్పర్శ పోయిందో లేదో మీరే చూడొచ్చు. ఆయన్ని కళ్లు మూసుకోమని, రెండు పాదాల బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసల్ని మీ చూపుడువేలితో ఒకటి రెండు సెకన్లు మెల్లగా తాకండి. నొక్కకూడదు, గీకకూడదు. ఆరింటిలో రెండు, అంతకంటే ఎక్కువ తెలియకపోతే నరాలు దెబ్బతిన్నట్టే లెక్క. అలాంటి కాలికి మిట్టమధ్యాహ్నం ఇసుకైనా, అరసవల్లి గుడి బయట ఎండకి కాలిన బండలైనా ఒకటే, కాలేదాకా తెలియదు.

పసుపు, నూనె, బూడిద ఆపేయండి. పుండు రంగు కనపడకుండా చేస్తాయి. బొబ్బ పగలకపోతే పగలగొట్టొద్దు. పగిలితే శుభ్రమైన నీళ్లతోగానీ సెలైన్‌తోగానీ కడిగి, పొడి గాజుగుడ్డ కప్పి, ఆ కాలి మీద బరువు మోపకుండా చూడండి. వేన్నీళ్లలో, ఉప్పునీళ్లలో నానబెట్టకూడదు, ఆ కాలితో సముద్రంలోకి దిగకూడదు. మానడం ఆలస్యమయ్యేది మందు లేక కాదు, రోజూ దాని మీదే నడవడం వల్ల. అందుకే మానేదాకా వేట ఆపక తప్పదు.

మానాక వెనక పట్టీ, ముందు వేళ్లకి కప్పు ఉన్న ఎంసీఆర్ (మెత్తటి రబ్బరు అట్ట) చెప్పులు కొనండి. సాయంత్రం పూట కొంటే పాదం వాపుకి సరిపడా కొలత దొరుకుతుంది. వేసుకునే ముందు ప్రతిసారీ లోపల చెయ్యి పెట్టి రాయి, మేకు ఉందేమో చూడాలి. రాత్రి పడుకునే ముందు అరికాళ్లు, వేళ్ల సందులు మీరు చూడండి. ఆనెకాయల్ని బ్లేడుతో కోయనివ్వొద్దు.

పుండు చుట్టూ ఎరుపు పాకుతున్నా, వాచినా, వాసన వస్తున్నా, జ్వరం తగిలినా, వేలు నల్లబడినా తెల్లారేదాకా ఆగకుండా ఆరోజే శ్రీకాకుళం ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లి సర్జన్‌కి చూపించండి. వాడుతున్న మాత్రల చీటీ, ఆఖరి క్రియాటినిన్ రిపోర్టు వెంట ఉంచుకోండి. యాంటీబయాటిక్ మోతాదు రాయడానికి అవి కావాలి.